అంగీకరించండి, దయచేసి రాకండి

జాతీయ నాయకుడొకరు మా కాలేజీ వార్షికోత్సవానికి రావడానికి సూత్రప్రాయంగా అంగీకరించారు. చెన్నైలో కాలేజీలకు వయసు కరువు లేదు. క్రిస్టియన్ కాలేజీ 1837, ప్రెసిడెన్సీ 1840, పచ్చయప్ప 1842. వాటి ముందు మాది పసిపిల్ల, పెద్దల ఆశీర్వాదం అవసరమే.

తెలుగు శాఖ గదిలో ఫ్యాను తిరగడం లేదని మా మేష్టారు ఏటా అర్జీ పెడతారు. నిధులు లేవని ఏటా జవాబు వస్తుంది. ఇప్పుడు భద్రతావాళ్లు వచ్చి, క్యాంపస్ మొత్తం గాలించి, జనసంచారం బొత్తిగా లేని చోటు అదేనని తేల్చి, నాయకుడి విశ్రాంతి గదిగా ఎంపిక చేశారు. ఈ ఊళ్లో ఈమధ్య మన భాషకు దక్కిన గౌరవాల్లో ఇదే పెద్దది. రెండు ఏసీలు, తెల్ల సోఫా, కొత్త బాత్రూం వచ్చాయి. బాత్రూంలో నీళ్లు కూడా వస్తున్నాయి! నిఘంటువుల్నీ శతకాల్నీ వరండాలో పేర్చారు. పోలీసు జాగిలం వాటిని వాసన చూసి, ప్రమాదకరమైనదేమీ లేదన్నట్టు తోకాడించి వెళ్లిపోయింది. మేష్టారు కాస్త నొచ్చుకున్నారు.

2018 ఏప్రిల్లో ప్రధాని వచ్చినప్పుడు కావేరి గొడవతో నల్ల బెలూన్లు ఎగిరిన ఊరు కదా, నల్ల గొడుగులు కూడా నిషిద్ధం. పూర్వ విద్యార్థుల సంఘం అధ్యక్షులు హైకోర్టు లాయరు. కోటు గేటు దగ్గరే విప్పాలి. విద్యార్థులకు ఆ రోజు సెలవు. వాళ్ల ఉత్సవాన్ని వాళ్లు ఇంట్లో టీవీలో చూసుకోవచ్చు.

సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1909లో ప్రెసిడెన్సీలో పాఠాలు చెప్పడానికి చేరి, 1962లో రాష్ట్రపతి అయ్యారు. వరస తప్పింది. ముందు రాష్ట్రపతి అయి తర్వాత వచ్చుంటే ఆ కాలేజీకి ఒక ఏసీ అయినా మిగిలేది.

ఇంతకీ ఏసీలు, సోఫా అద్దెవి. నాయకుడు వచ్చి వెళ్లిన మర్నాడే షామియానావాళ్లు పట్టుకుపోతారు. కార్యక్రమం వాయిదా పడితే మాత్రం అవి అక్కడే ఉంటాయి. కాబట్టి దేశ నాయకులకు నా మనవి: ప్రతి కాలేజీ ఆహ్వానాన్నీ అంగీకరించండి. తేదీ దగ్గర పడగానే మరో తేదీ ఇవ్వండి. అనివార్య కారణాలకు మీ దగ్గర లోటేముంది? అన్నాసాలై మీద ట్రాఫిక్ కూడా ఆగదు. మా ఎం.ఏ. పిల్లలు ఏసీలో కూర్చుని ఛందస్సు చదువుకుంటారు.

మేష్టారికి ఈ ఆలోచన బాగా నచ్చింది. వచ్చే ఏటి ఆహ్వానం స్వయంగా రాస్తానన్నారు. అందుకోసం హిందీ నేర్చుకుంటున్నారు. ఊరు చెన్నై కనుక, చాటుగా.