ఓడలు ఆగని ఒరెగాన్ తీరం

"ఇంత సముద్రం ఉంది, ఒక్క ఓడా కనబడదేం?"

అమెరికా పడమటి తీరంలోని ఒరెగాన్ రాష్ట్రంలో, కానన్ బీచ్‌లో కాలు పెట్టిన పది నిమిషాలకే మావయ్యగారు అడిగిన మాట ఇది. ఆయన కాకినాడ మనిషి. పోర్టులో ముప్పై ఏళ్లు లెక్కలు రాశారు కాబట్టి ఆయనకు సముద్రమంటే ముందు ఓడలు, తర్వాతే నీళ్లు. మేమేమో ఎదురుగా 235 అడుగుల ఎత్తున నిలబడ్డ హేస్టాక్ రాక్‌ను ఫొటోలు తీసే హడావిడిలో ఉన్నాం. హేస్టాక్ అంటే గడ్డిమేటు అని చెబితే, "అవును, మేటులాగే ఉంది" అని ఒప్పుకుని మళ్లీ తన ప్రశ్నకే వచ్చారు.

పోర్ట్‌లాండ్ పక్కన బీవర్టన్, హిల్స్‌బరో ఊళ్లలో ఉండే తెలుగువాళ్లకు ఈ బీచ్ గంటన్నర దూరం. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే పులిహోర డబ్బా పెట్టుకుని ముందు ఇక్కడికే తీసుకొస్తాం. ఇన్నేళ్లలో ఓడలెందుకు లేవన్న అనుమానం మాకెవరికీ రాలేదు. నిజానికి కాలిఫోర్నియా నుంచి అలాస్కా వైపు వెళ్లే క్రూయిజ్ షిప్పులన్నీ ఈ తీరం ముందు నుంచే పోవాలి. కానీ కంటికి ఆననంత దూరంలో, చాలాసార్లు రాత్రిపూట దాటిపోతాయి. 580 కిలోమీటర్ల ఒరెగాన్ తీరంలో పెద్ద క్రూయిజ్ షిప్పులు ఆగే చోటు కొలంబియా నది మొగ దగ్గరి ఆస్టోరియా ఒక్కటే. అక్కడికి కూడా ప్రధానంగా అలాస్కా సీజన్‌కు ముందూ వెనకా కొన్ని వస్తాయి, అంతే.

రాళ్లున్నాయి కాబట్టి రావు అని చాలామంది తేల్చేస్తారు. అది సగమే నిజం. అలాస్కాలో, నార్వేలో ఇంతకన్నా భయంకరమైన కొండల నడుమకి అవే షిప్పులు వెళ్తున్నాయి. అక్కడ ఫియర్డ్‌లు ఉన్నాయి. ఒకప్పటి హిమనదాలు తవ్విన ఆ సందుల్లో లోతుకి కొదవ లేదు, చుట్టూ కొండలుండటం వల్ల పెద్ద కెరటం లోపలికి రాదు. వేల మందిని మోసే షిప్పు కూడా చెరువులో పడవలా నిలబడుతుంది. ఒరెగాన్‌కి ఆ చాటు లేదు. పడమట జపాన్ దాకా అడ్డం లేని సముద్రం. అంత దూరం ఊపు తెచ్చుకున్న కెరటం నేరుగా ఇక్కడి రాళ్లకే కొడుతుంది. చలికాలంలో ఇరవై అడుగుల అల ఇక్కడ వార్త కాదు.

సరే, నదులున్నాయిగా, వాటి మొగలోంచి లోపలికి రావచ్చుగా అంటే, అసలు చిక్కు అక్కడే ఉంది. మొగ పూడిపోతే ఏమవుతుందో మన గోదావరి, కృష్ణా మత్స్యకారులకు ఎవరూ చెప్పక్కర్లేదు. కొలంబియా మొగ దగ్గర జరిగేది అదే, కాకపోతే ఇంకా పెద్ద ఎత్తున. ఉత్తర అమెరికా నుంచి పసిఫిక్‌లో కలిసే నదుల్లో ఇంత నీటిని తెచ్చేది మరొకటి లేదు. అది మోసుకొచ్చే ఇసుక మొగలో మేట వేస్తుంది. ఆటు సమయంలో నది నీళ్లు బయటికి తోసుకొస్తుంటే ఎదురుగా సముద్రపు కెరటం వచ్చి గుద్దుకుంటుంది. తక్కువ లోతులో ఆ రెండూ ఢీకొంటే అల నిటారుగా లేచి విరుగుతుంది. గంట కింద మామూలుగా ఉన్న దారి గంట తర్వాత దారే కాకుండా పోవచ్చు. 1792లో రాబర్ట్ గ్రే అనే కెప్టెన్ తన ఓడతో ఈ మొగ దాటినప్పటి నుంచి చిన్నా పెద్దా కలిపి సుమారు 2,000 నౌకలు ఇక్కడ, ఈ చుట్టుపక్కల పోయాయని లెక్క చెబుతారు. 'పసిఫిక్ శ్మశానం' అన్న పేరు ఊరికే రాలేదు.

అంతకు ముందు వచ్చినవాళ్లు పెట్టిన పేర్లు చూసినా సంగతి అర్థమవుతుంది. 1778లో కెప్టెన్ కుక్ ఈ తీరం చూసి ఒక కొండకు కేప్ ఫౌల్‌వెదర్ అని పేరు పెట్టాడు, అంటే పాడు వాతావరణం. ఆయన ఈ నదిని కనిపెట్టకుండానే దాటిపోయాడు. పదేళ్ల తర్వాత వచ్చిన జాన్ మియర్స్, మొగ ఎదురుగానే నిలబడి ఇక్కడ నది లేదనుకుని, పక్కనే సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొమ్ముకు కేప్ డిసపాయింట్‌మెంట్ (నిరాశ) అని పేరు పెట్టి వెనక్కి తిరిగాడు. ఇప్పుడు అమెరికా కోస్ట్ గార్డ్ తన లైఫ్‌బోటు సరంగులకు తర్ఫీదు ఇచ్చే బడి ఆ కొమ్ము దగ్గరే ఉంది. ఇంతకన్నా కష్టమైన నీళ్లు దొరకవనే. ఇక పెద్ద ఓడలను మొగ దాటించడానికి బార్ పైలట్లని ప్రత్యేకంగా మనుషులుంటారు. ఊగుతున్న ఓడ మీదికి హెలికాప్టర్‌లోంచి తాడుతో దిగుతారు, లేదంటే పైలట్ బోటులోంచి నిచ్చెన పట్టుకుని ఎక్కుతారు.

ఇదంతా విని మావయ్యగారు ఒక ప్రశ్న వేశారు. "మా కాకినాడలో ఓడలు రేవులోకి రాకుండా దూరంగానే లంగరు వేసేవి కదా. బార్జీలు వెళ్లి సరుకు తెచ్చేవి. ఇక్కడ మనుషుల్ని అలా దించొచ్చుగా?"

మంచి ప్రశ్న. క్రూయిజ్ కంపెనీలు చేసేది కూడా అదే. రేవు లేని చోట షిప్పును నిలబెట్టి టెండర్ బోట్లలో జనాన్ని ఒడ్డుకు చేరుస్తారు. అయితే కాకినాడకు అడ్డుగా హోప్ ఐలాండ్ ఉంది, అలల దెబ్బ అది కాస్తుంది. విశాఖకు డాల్ఫిన్స్ నోస్ కొండ ఉన్నా చాలక, రేవు కట్టేటప్పుడు రెండు పాత ఓడల్ని ముంచి మరీ అలలకు అడ్డం పెట్టారు. ఒరెగాన్‌లో తీరానికి కాస్త దూరంలో లంగరు వేస్తే ఏమవుతుందో 1999 ఫిబ్రవరిలో న్యూ కరిస్సా అనే సరుకు ఓడ చూపించింది. వాతావరణం బాగాలేదు, దక్షిణాన ఉన్న కూస్ బే రేవు మొగ ఇప్పుడు దాటలేవని పైలట్లు చెప్పారు. సరే, తెల్లారేదాకా ఆగుదామని కెప్టెన్ బయటే లంగరు దించాడు. గాలికి లంగరు జారింది. 195 మీటర్ల ఓడ వచ్చి ఇసుకలో కూరుకుపోయింది.

ఆ తర్వాత కథ వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. సిబ్బంది 23 మందినీ కాపాడారు. తీరమంతా నూనె పాలవుతుందని ఓడలోని ఇంధనాన్ని తగలబెట్టారు. ఓడ రెండు ముక్కలైంది. ముందు ముక్కను సముద్రంలోకి లాక్కెళ్తుంటే తుపానుకు తాడు తెగి, ఉత్తరాన వాల్డ్‌పోర్ట్ దగ్గర మళ్లీ ఒడ్డెక్కింది. మళ్లీ లాక్కెళ్లి, ఫిరంగులతో కొట్టి, చివరికి నేవీ జలాంతర్గామి నుంచి టార్పెడో వేస్తే గానీ మునగలేదు. వెనక ముక్క మాత్రం ఆ ఇసుకలోనే ఉండిపోయింది, 2008లో కోసి తీసేదాకా.

అది సరుకు ఓడ. అందులో 23 మంది బదులు మూడు వేల మంది ఉంటే? 2019 మార్చిలో నార్వేలోని హుస్టాద్వికా దగ్గర వైకింగ్ స్కై క్రూయిజ్ షిప్పుకి తుపానులో ఇంజిన్లు ఆగిపోయాయి. అందులో 1,373 మంది ఉన్నారు. షిప్పు రాళ్ల దగ్గరదాకా కొట్టుకొచ్చింది. 479 మందిని ఒక్కొక్కరినీ హెలికాప్టర్లతో పైకి లాగారు. ఇలాంటి చోట తీరానికి దూరంగా ఉండటమంటే, ఇంజిన్ ఆగితే మళ్లీ స్టార్ట్ చేసుకోవడానికి కాస్త టైమ్ కొనుక్కోవడమే.

దీనికి తోడు 1886 నాటి అమెరికా చట్టం ఒకటి ఉంది. విదేశీ జెండా ఉన్న షిప్పు లాస్ ఏంజెలెస్‌లో ప్రయాణికులను ఎక్కించుకుని నేరుగా సియాటెల్‌లో దించకూడదు. అలాస్కా చూపించి బయల్దేరిన రేవుకే తిరిగి తెచ్చినా మధ్యలో ఒక విదేశీ రేవులో ఆగాలి. పెద్ద క్రూయిజ్ షిప్పులు దాదాపు అన్నీ విదేశీ జెండావే. కాబట్టి ఉన్న రోజుల్లో కెనడా మజిలీకి చోటు పెట్టుకుంటారు గానీ, వాతావరణం బాగుంటేనే తెరుచుకునే ఊరికి ఎవరు పెడతారు?

నా ఉద్దేశంలో ఒరెగాన్‌కు ఇది నష్టం కాదు. పైగా లాభమే. ఓడకు లొంగని ఈ తీరాన్ని ఆ రాష్ట్రం నడిచేవాళ్లకు రాసిచ్చింది. 1913లో గవర్నర్ ఓస్వాల్డ్ వెస్ట్ తడి ఇసుక మొత్తాన్ని పబ్లిక్ హైవేగా ప్రకటింపజేశాడు. తమాషాకి కాదు. కొండలు అడ్డొచ్చి రోడ్డు లేని ఆ రోజుల్లో గుర్రపు బళ్లు నిజంగానే ఆటు చూసుకుని ఇసుక మీద నడిచేవి. 1966లో ఇదే కానన్ బీచ్‌లో ఒక మోటెల్ యజమాని తన ముందున్న పొడి ఇసుకకు కంచె వేసి, ఇది మా గెస్టులకే అన్నాడు. జనం ఊరుకోలేదు. గవర్నర్ టామ్ మెకాల్ సర్వేయర్లతో హెలికాప్టర్‌లో బీచ్‌లో దిగి, హక్కు ఎక్కడిదాకానో కొలిపించాడు. 1967 జులైలో బీచ్ బిల్లు చట్టమైంది. గడ్డి మొలిచే గీత దాకా ఇసుక మీద ఎవరైనా నడవొచ్చు. ఎంత ఖరీదైన హోటల్ ముందైనా సరే, చాప పరిచి పులిహోర తింటుంటే మమ్మల్ని లేవమన్నవాళ్లు లేరు.

రోడ్డు సంగతికొస్తే, హైవే 101 తీరం పొడవునా ఉంది. ఏటి ఏటికీ పంటు ఎక్కి దాటే కష్టం 1936తో చాలావరకు తీరింది. కొండే మెకలౌ అనే ఇంజినీరు కట్టిన అయిదు పెద్ద వంతెనలు ఆ ఏడాదే తెరిచారు. యాచాట్స్ దగ్గర కేప్ పర్పెట్యువా కొండ ఎక్కితే 800 అడుగుల కింద తెల్లటి నురగ శబ్దం లేకుండా కదులుతూ ఉంటుంది. దక్షిణాన బోర్డ్‌మన్ పార్కులో 12 మైళ్ల పొడవునా రాతి తోరణాలే. అక్కడ దిగి అడవిలోంచి రెండు నిమిషాలు నడిస్తే చాలు. ఏ షిప్పు డెక్ మీంచీ ఇవి ఇలా కనబడవు. సముద్రం మీంచి చూస్తే తీరం ఒక గీత, అదీ పొగమంచు లేకపోతే.

కారు లేనివాడికి మాత్రం ఈ తీరం కష్టమే, బస్సులు అంతంతమాత్రం. వేసవి శనివారం కానన్ బీచ్‌లో పార్కింగ్ దొరకడం లాటరీ. ఒక్కసారిగా ఒడ్డు మీదికి దూకే 'స్నీకర్' అలలు మనుషుల్ని లాక్కెళ్లిన సందర్భాలున్నాయి. మనవాళ్లు సెల్ఫీ కోసం సముద్రానికి వీపు పెట్టి నిలబడటం చూస్తే నాకు టెన్షన్. అయినా జూనో నగరంతో పోల్చి చూడండి. అలాస్కాలో 32 వేల జనాభా ఉన్న ఆ ఊరికి 2023లో 16 లక్షలకు పైగా క్రూయిజ్ ప్రయాణికులు వచ్చారు. రోజుకు అయిదు పెద్ద షిప్పులకు మించి వద్దని కంపెనీలతో ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. ఒరెగాన్ ఊళ్లకు వచ్చే జనం పొద్దున దిగి సాయంత్రం షిప్పెక్కి పోరు. రాత్రి ఉంటారు, ఊళ్లోనే తింటారు.

తిరుగుదారిలో ఫోర్ట్ స్టీవెన్స్ దగ్గర ఆగాం. 1906లో ఒడ్డెక్కిన పీటర్ ఐర్‌డేల్ ఓడ అస్థిపంజరం ఇంకా ఇసుకలో నిలబడి ఉంది. ఆటు కావడంతో దాని దగ్గరిదాకా నడిచాం. మావయ్యగారు ఒక ఇనుప పక్కటెముకను గోటితో గీకి, రేకులుగా ఊడుతున్న తుప్పును వేళ్ల మధ్య నలిపి చూశారు. ఏమీ అనలేదు. ఆస్టోరియా వంతెన దగ్గరికి వచ్చాక మాత్రం కారు ఆపమన్నారు. నది మధ్యలో, మొగకు ఇవతల, సరుకు ఓడలు వరసగా లంగరేసి ఉన్నాయి. వేలితో చూపిస్తూ లెక్కపెట్టారు. ఆరు.

"అదీ సంగతి, అన్నీ ఇక్కడ దాక్కున్నాయి" అని, వాటిలో ఏం ఎత్తుతారని అడిగారు. గోధుమలు ఎక్కువ అన్నాను. టన్నేజీ ఎంతుంటుందన్నారు. అది నాకు తెలియదు.