రక్తం ఒకటే, అంకెలెందుకు రెండు?

రక్తపరీక్ష రిపోర్టుల సంగతే చూడండి. ఒకే రక్తం. అదే గ్లూకోజ్. ఒక దేశంలో 126, ఇంకో దేశంలో 7. రెండూ ఒకటేనట! మొదటిది డెసిలీటరుకు మిల్లీగ్రాములు, రెండోది లీటరుకు మిల్లీమోల్స్ (బరువు కాదు, అణువుల లెక్క). 18తో హెచ్చించుకోవాలి, లేదా భాగించుకోవాలి. అసలే టెన్షన్‌లో ఉన్న రోగికి ఈ గుణకారాలు అవసరమా?

పోనీ, ఆ 18 అన్నిటికీ పనికొస్తుందా? రాదు. కొలెస్ట్రాల్‌కు 38.67. ట్రైగ్లిజరైడ్లకు ఇంచుమించు 88.6. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఒకచోట 1, మరోచోట 88. ఎవరు గుర్తుపెట్టుకోవాలి ఇవన్నీ?

విటమిన్ డి సంగతి మరీ ఘోరం. మిల్లీలీటరుకు 20 నానోగ్రాములంటే చాలామందికి సరిపోతుందంటారు. లీటరుకు 20 నానోమోల్స్ అంటే మాత్రం అది మిల్లీలీటరుకు 8 నానోగ్రాములే, తీవ్రమైన లోపం! అంకె ఒకటే కదా అని నిశ్చింతగా కూర్చుంటే ఎముకల గతేంటి? ఇది చాదస్తం కాదు, ప్రాణాల సంగతి.

ఎస్ఐ యూనిట్లకు, అంటే మోల్స్‌తో లెక్కించే అంతర్జాతీయ కొలమానానికి, మారండని ప్రపంచ ఆరోగ్య సభ 1977లోనే చెప్పింది. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా మారాయి. అక్కడి డాక్టర్లు నేర్చుకున్నారు, రోగులూ అలవాటుపడ్డారు. అమెరికా ఇంకా గ్లూకోజ్‌ని మిల్లీగ్రాముల్లోనే చూస్తోంది. ఇంకెన్నాళ్లండీ? అలవాటైపోయిందనడం ఒక కారణమా?

మారేదాకా కనీసం రిపోర్టుల్లో రెండు యూనిట్లూ పక్కపక్కనే వేయండి. అదీ అంకె ఎంత పెద్దగా ఉందో యూనిట్‌నీ అంత పెద్దగా! భూతద్దం పెట్టి వెతుక్కోవాలా మేము?