కీర్తిశేషులు రీప్లే గారికి

మహారాజశ్రీ ఎఫ్‌ఏ కప్ రీప్లే గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. అలవాటు కొద్దీ రాశాం కానీ, మీ కుశలం సంగతి 2024 ఏప్రిల్‌లోనే తేలిపోయింది. ఇంగ్లండ్‌లో చిన్నా పెద్దా ఫుట్‌బాల్ క్లబ్బులు కలిసి ఆడే నాకౌట్ పోటీ ఎఫ్‌ఏ కప్‌లో, డ్రా అయిన మ్యాచ్‌ను అవతలి జట్టు మైదానంలో మళ్లీ ఆడించేవారు మీరే. ఇకపై మొదటి రౌండు నుంచి మీకు చోటు లేదని అక్కడి ఫుట్‌బాల్ సంఘం ఎఫ్‌ఏ, పెద్ద క్లబ్బులు ఆడే ప్రీమియర్ లీగ్ కలిసి చెప్పేశాయి. 2024–25 నుంచి మ్యాచ్ డ్రా అయితే అప్పటికప్పుడే అరగంట అదనపు ఆట, అప్పటికీ తేలకపోతే పెనాల్టీలు. చిన్న క్లబ్బులు లబోదిబోమన్నాయి. విన్నవాళ్లెవరు?

మీ మీద మోపిన నేరం, పెద్ద క్లబ్బుల ఆటగాళ్లను అలసిపోయేలా చేయడం. పాపం, నిజమే. యూరప్ పెద్ద క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్ తొలి దశలో ఒక్కో జట్టుకు 6 మ్యాచులుండేవి, మీరు పోయిన సీజన్ నుంచే 8 అయ్యాయి. ఆ రెండూ బలానికి వేసుకునే మందులు కాబోలు. 2024 మే 19న ప్రీమియర్ లీగ్ ముగిసింది. 22న న్యూకాజిల్, టాటెన్‌హామ్ మెల్‌బోర్న్‌లో ఫ్రెండ్లీ ఆడుతున్నాయి. భూగోళం అవతలి కొసకు విమానంలో పోవడం విశ్రాంతి, మంగళవారం రాత్రి రీప్లేకు పక్క జిల్లాకు బస్సులో పోవడం నడుం విరిగే చాకిరీ.

అసలు నేరం మాకు తెలుసు. మీరు సొమ్ము పంచిపెట్టేవారు.

లీగ్ మ్యాచ్‌లో గేటు డబ్బు సొంత మైదానం వాళ్లదే. కప్‌లో అలా కాదు. ఖర్చులు పోగా మిగిలినదాంట్లో 45 శాతం వాళ్లకు, 45 శాతం వచ్చినవాళ్లకు, 10 శాతం ఉమ్మడి నిధికి. ఇంగ్లండ్ లీగుల అయిదో అంచెలో, అంటే నేషనల్ లీగ్‌లో ఉన్న ఒక క్లబ్బును ఊహించుకుని లెక్క వేద్దాం. 1,500 మంది, సగటు టికెట్ 15 పౌండ్లు, అంటే మ్యాచ్‌కు 22,500. పెద్ద స్టేడియంలో రీప్లే జరిగి, ఖర్చులు పోను 10 లక్షల పౌండ్లు మిగిలితే ఈ క్లబ్బు వాటా నాలుగున్నర లక్షలు. అంటే ఇరవై మ్యాచుల గేటు ఒక్క రాత్రిలో. నేషనల్ లీగ్ సీజన్ మొత్తంలో సొంతగడ్డ మీద ఆడేదే 23.

అందుకే 0-0 మీద 80వ నిమిషం దాటిందంటే మేనేజరు గోల్ కొట్టమని అరిచేవాడు కాదు, బంతిని కార్నర్ జెండా దగ్గర దాచమని అరిచేవాడు. గోల్‌కీపర్‌కు సరిగ్గా అప్పుడే బూటు లేసు ఊడేది. చూసేవాళ్లకు అది పిరికి ఆట, క్లబ్బు కోశాధికారికి కోతల పండగ.

2006 జనవరిలో చిన్న క్లబ్బు బర్టన్ ఆల్బియన్ తన మైదానంలో మాంచెస్టర్ యునైటెడ్‌ను 0-0తో ఆపింది. యునైటెడ్ సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో రీప్లేకు దాదాపు 11,000 మంది అభిమానులను వెంటేసుకుని వెళ్లి 5-0తో చిత్తయింది. అంత లాభసాటి ఓటమి మళ్లీ దొరకదు. అంతకు ముందేడు ఎక్సిటర్ సిటీ అదే ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 67,551 మంది ముందు 0-0తో బయటపడి, ఇంటికొచ్చాక 2-0తో ఓడింది. అప్పుల్లో మునిగి అభిమానుల ట్రస్టు చేతికొచ్చిన క్లబ్బది. ఒడ్డున పడేసింది ఆ రెండు మ్యాచుల డబ్బే.

మీరేమీ మచ్చలేని మనిషి కాదులెండి. 1971లో ఆల్వ్‌చర్చ్, ఆక్స్‌ఫర్డ్ సిటీ ఒక క్వాలిఫయింగ్ రౌండు తేల్చుకోవడానికి ఆరు మ్యాచులు, 11 గంటలు ఆడాయి. అప్పట్లో మీకు పగ్గం లేదు. 1991–92 నుంచి ఒక్క రీప్లే చాలన్నారు, ఆ కత్తిరింపులో అర్థముంది.

కానీ 1972లో మీరు లేకపోతే? కింది స్థాయి సదరన్ లీగ్‌లో ఆడే హెరిఫోర్డ్, పై డివిజన్ జట్టు న్యూకాజిల్ మైదానంలో 2-2 చేసుకుని బతికి వచ్చింది. నీళ్లు నిలిచి వాయిదాల మీద వాయిదాలు పడ్డాక, ఫిబ్రవరి 5న హెరిఫోర్డ్ మైదానం ఎడ్గర్ స్ట్రీట్ బురదలో రానీ రాడ్‌ఫోర్డ్ దూరం నుంచి కొట్టి స్కోరు సమం చేసిన ఆ గోల్, అదనపు సమయంలో సబ్‌స్టిట్యూట్ రికీ జార్జ్ కొట్టి గెలిపించిన రెండోది, రెండూ మీ ఖాతాలోవే. అప్పట్లో కింది లీగ్ గెలిచిన జట్టుకు పై నాలుగు డివిజన్ల ఫుట్‌బాల్ లీగ్‌లోకి నేరుగా ప్రమోషన్ ఉండేది కాదు, ఆ లీగ్ క్లబ్బుల ఓట్లు పడాలి. ఆ వేసవిలోనే బారోను దింపి హెరిఫోర్డ్‌ను ఎక్కించారు.

2016–17లో లింకన్ సిటీకైతే మీరు రెండుసార్లు దారిచ్చారు. గైజ్లీతో 0-0, రీప్లేలో గెలుపు. ఇప్స్‌విచ్‌తో 2-2, రీప్లేలో 91వ నిమిషంలో నేథన్ ఆర్నల్డ్ గోల్. ఆ తర్వాత బ్రైటన్, బర్న్‌లీ. 1914 తర్వాత క్వార్టర్ ఫైనల్ చేరిన తొలి నాన్-లీగ్ జట్టు, అంటే పై నాలుగు అంచెల బయటి జట్టు. అదే సీజన్‌లో ప్రమోషన్, 2018లో వెంబ్లీలో ఈఎఫ్ఎల్ ట్రోఫీ, 2019లో నాలుగో అంచె లీగ్ టూ టైటిల్.

ఇప్పుడో? 90 నిమిషాలు కొండను మోసినట్టు మోశాక ఇంకో ముప్పై. పగలు ఉద్యోగం, వారానికి రెండు సాయంత్రాలు సాధన ఉన్న కాళ్లకు నూరో నిమిషంలో పిక్కలు పట్టేస్తాయి. అవతల బెంచీ మీద నుంచి దేశాల తరఫున ఆడేవాళ్లు ఒంటికి చెమటైనా పట్టకుండా దిగుతారు. పెనాల్టీల్లో చిన్నవాడికీ సమాన అవకాశమేనట! ఉంటే ఉండొచ్చు, కానీ ఓడినవాడికి చప్పట్లలో 45 శాతం ఎవరిస్తారు?

చిత్తగించవలెను.

ఇట్లు,
45 శాతం వాటాదారులు

తా.క. మెల్‌బోర్న్ మ్యాచ్ కూడా 1-1 డ్రాయే. పెనాల్టీలతో తేల్చేసి విమానమెక్కారు.