ఆ రెండు బిట్లను తిన్నదెవరు?

మొన్న రాత్రి సూర్యాస్తమయం ఫొటో ఒకటి ముందేసుకుని కూర్చున్నాను. కింద నారింజ, పైకి పోయేకొద్దీ నీలం, ఆపైన దాదాపు నలుపు. నాది లినక్స్ కంప్యూటర్. ఫైలు 16 బిట్లది (బిట్లు ఎక్కువైతే రంగు ఛాయల మధ్య మెట్లు సన్నబడతాయి). మానిటర్ 10 బిట్లది. అయినా ఆకాశం నిండా మెట్లు కట్టినట్టు అడ్డచారలు. నా ఎడిటింగ్‌లోనే తప్పుందేమో అని గంటసేపు కర్వ్‌లతో కుస్తీ పట్టాను. చివరికి తేలిందేమిటంటే ఫొటోకి ఏ రోగమూ లేదు, కేబుల్‌లో వెళ్తున్నదే 8 బిట్లు. మూడు నెలలుగా అంతే వెళ్తోందట. నాతో ఒక్క ముక్క అన్న నాథుడు లేడు.

ఈ మాట ఎక్కడ ఎత్తినా ముందుగా వచ్చే వెటకారం ఒకటుంది: "8 బిట్లకే కోటీ 67 లక్షల రంగులు, 10 బిట్లకి 107 కోట్లు. అన్ని రంగులు నీ కంటికి ఆనతాయా?" ఆనవు. కానీ ఇక్కడ లెక్క మొత్తం రంగులది కాదు, పక్కపక్క రంగుల మధ్య ఎడం ఎంత అన్నది. 8 బిట్లలో ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లో ఒక్కోదానికి 256 మెట్లు, 10 బిట్లలో 1024. 4కె తెర నిలువు 2160 పిక్సెళ్లు. చీకటి పడుతున్న ఆకాశంలో పై నుంచి కింది దాకా తేడా 40 మెట్లే అనుకోండి, ఒక్కో మెట్టు 54 పిక్సెళ్ల మందాన పట్టీగా తేలుతుంది. 10 బిట్లలో అదే తేడాకి 160 మెట్లు, పట్టీ మందం 13 పిక్సెళ్ల చిల్లర. 54 పిక్సెళ్ల పట్టీ కనపడదని వాదించేవాళ్లు ఒకసారి గదిలో లైటు ఆర్పి చూడండి.

రెండో వెటకారం నాకు ఇంకా ఒళ్లు మండించేది: "ఓపెన్ సోర్స్ డ్రైవర్లు వాడితే అంతే మరి." అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండే, గ్రాఫిక్స్ కార్డుని నడిపే ప్రోగ్రామ్‌లు. అంతే కాదు. లినక్స్‌లో బొమ్మలు గీసే మెసా 18.0, వాటిని తెర మీదకి చేర్చే ఎక్స్ సర్వర్ 1.20 రెండూ 2018లోనే వచ్చాయి, 30 బిట్ల డెప్త్‌కి (మూడు రంగులకీ తలా 10 బిట్లు) దారి వేసింది ఆ విడుదలలే. అదే సమయంలో విండోస్‌లో సంగతేంటి? ఓపెన్‌జీఎల్ అనే గ్రాఫిక్స్ పద్ధతితో నడిచే ఫొటో ఎడిటర్‌లో 10 బిట్లు కావాలంటే ఎన్విడియా వాడేవాళ్లు వృత్తి నిపుణుల కోసం చేసిన క్వాడ్రో కార్డు కొనుక్కోవాల్సిందే. మామూలు జీఫోర్స్ కార్డుల వాళ్లకి ఆ తలుపు తెరిచింది 2019 జులైలో, స్టూడియో డ్రైవర్‌తో. కాబట్టి పని చేసినవాళ్లని తిట్టే ముందు తేదీలు చూసుకుంటే మంచిది.

అలాగని అంతా సవ్యంగా ఉందనీ అనను. కాన్ఫిగ్ ఫైలులో డెప్త్ 24 తీసేసి 30 అని నేను రాసిన రోజు గుర్తుంది. డెస్క్‌టాప్ బాగానే వచ్చింది. తర్వాత ఒక ప్రోగ్రామ్ తెరిస్తే దాని విండో గాజు పలకలా ఉంది, మెనూల వెనకాల వాల్‌పేపర్ కనిపిస్తోంది. కారణం చిన్నది. పిక్సెల్‌కి ఉన్న చోటు 32 బిట్లు. రంగులు మూడూ తలా పది తీసుకుంటే పారదర్శకతకి మిగిలేది రెండే బిట్లు, అంటే నాలుగే స్థాయిలు. విండో నీడలకి, గుండ్రటి మూలలకి ఆ నాలుగూ ఎక్కడ సరిపోతాయి? పైగా డెప్త్ అంటే 24 తప్ప ఇంకోటి ఉండదని నమ్మేసి రాసిన ప్రోగ్రామ్‌లు బోలెడు. కొన్నింటిలో ఎరుపు, నీలం తారుమారవుతాయి, కొన్ని అసలు తెరుచుకోవు. వాటిని ఒక్కొక్కటిగా పట్టుకుని సరిచేసినవాళ్లకి దణ్ణం పెట్టాలి, అందులో పేరు వచ్చేది లేదు, డబ్బు వచ్చేదీ తక్కువే.

సరే, నా చారల సంగతికి వస్తాను. ఎడిటర్‌ని అడిగితే 10 బిట్లు ఇస్తున్నానంది. ఎక్స్ సర్వర్‌ని అడిగితే డెప్త్ 30 అంది. మానిటర్ డబ్బా మీద 10 బిట్ అని అచ్చేసి ఉంది. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం! చివరికి రూట్‌గా (సర్వాధికారాలున్న ఖాతాతో) లాగిన్ అయి, లినక్స్ గుండెకాయ అయిన కర్నెల్ తాలూకు డీబగ్ ఫోల్డర్లలో నాలుగు మెట్లు దిగితే ఒక బుల్లి ఫైలు దొరికింది. అందులో రెండే వరుసలు: ప్రస్తుతం 8, గరిష్ఠం 10.

దొంగ హెచ్‌డీఎంఐ 2.0, కంప్యూటర్ నుంచి మానిటర్‌కి వెళ్లే కేబుల్ ప్రమాణం. దాని గడియారం హద్దు 600 మెగాహెర్ట్జ్. 4కె, 60 హెర్ట్జ్, 8 బిట్లకే 594 అయిపోతుంది. 10 బిట్లకి 742.5 కావాలి. పట్టదు. అప్పుడు డ్రైవర్ ముందున్న దారులు రెండు: రంగు సమాచారాన్ని సగానికి కుదించి పంపడం, లేదా 8 బిట్లకి దిగిపోవడం. నా డ్రైవర్ దిగిపోయింది. అది తప్పని నేను అనను, నల్ల తెర కన్నా చారల తెర నయం. దిగేటప్పుడు డిదరింగ్ (మెట్ల అంచులు కనపడకుండా చుక్కలు చల్లడం) చేసుంటే ఇంకా నయం. నా గొడవల్లా ఒకటే, దిగానని చెప్పదేం? రిజల్యూషన్ తగ్గితే తెలుస్తుంది, రిఫ్రెష్ రేటు తగ్గితే సెట్టింగ్స్‌లో అంకె కనిపిస్తుంది. బిట్లు తగ్గితే మాత్రం రూట్ పాస్‌వర్డ్ కొట్టి, డీబగ్ ఫోల్డర్ తవ్వాలా? కర్నెల్‌లో "మ్యాక్స్ బీపీసీ" అని ఒక ప్రాపర్టీ ఉంది, ఒక్కో రంగుకి గరిష్ఠంగా ఎన్ని బిట్లో చెప్పే అమరిక. 10 అని పెడితే అది పైహద్దు మాత్రమే, హామీ కాదు. పేరులోనే మ్యాక్స్ ఉందిగా అంటారు, ఆ తెలివి నాకు మూడు నెలలు ఆలస్యంగా వచ్చింది.

హెచ్‌డీఎంఐ 2.1లో 48 గిగాబిట్ల దారి ఉంది, అది వాడొచ్చుగా అంటారా? ఏఎండీ ఇంజినీర్లు ఓపెన్ సోర్స్ డ్రైవర్‌లో దానికి కోడ్ సిద్ధం చేసి అనుమతి అడిగితే ఆ ప్రమాణాన్ని నడిపే హెచ్‌డీఎంఐ ఫోరం కుదరదంది. ఆ సంగతి 2024 ఫిబ్రవరిలో బయటపడింది. కార్డుకి సత్తా ఉంది, కోడ్ రాసినవాళ్లున్నారు, వాడుకోవడానికి మాత్రం కాగితాలు అడ్డొచ్చాయి. డిస్‌ప్లేపోర్ట్ 1.2 అనే ఇంకో రకం కేబుల్ దారి ఉంటే 4కె 60కి 10 బిట్లు హాయిగా పడతాయి కాబట్టి నేను బయటపడ్డాను. టీవీకి కలుపుకునేవాళ్ల గతేమిటి? టీవీల్లో డిస్‌ప్లేపోర్ట్ బహు అరుదు.

ఇంకో చిల్లర దొంగ కూడా ఉన్నాడు. రాత్రిపూట తెరని పసుపెక్కించే నైట్ లైట్, మానిటర్ రంగుల్ని సరిదిద్దే కాలిబ్రేషన్ ప్రొఫైల్ లాంటివి ఒక పట్టిక గుండా రంగుల్ని పంపుతాయి. ఆ పట్టికలో 256 గడులు, 8 బిట్ల విలువలే ఉంటే పైనుంచి 10 బిట్లు వచ్చి కింద 8గా దిగుతాయి. దీని మీద కూడా ఎక్కడా హెచ్చరిక ఉండదు. (8 బిట్ల ప్యానెల్‌ని వేగంగా మిణుకుమనిపించి 10 అని అమ్మే మానిటర్ల గురించి ఇంకో రోజు తిడతాను.)

ఎక్స్ సర్వర్ స్థానంలోకి వస్తున్న వేలాండ్‌లో గాలి మారింది, కాదనను. కేడీఈ ప్లాస్మా 6 డెస్క్‌టాప్‌లో 2024లోనే ప్రయోగాత్మకంగా హెచ్‌డీఆర్ (వెలుగునీడల పరిధి పెంచే పద్ధతి) వచ్చింది, ప్రోగ్రామ్‌లు తమ రంగుల అర్థం చెప్పుకునే కలర్ మేనేజ్‌మెంట్ ప్రోటోకాల్ 2025 ఫిబ్రవరిలో గట్టెక్కింది, మార్చిలో ఇంకో డెస్క్‌టాప్ గ్నోమ్ 48 అందుకుంది. ఆ ప్రోటోకాల్ ఏళ్లపాటు చర్చల్లో నలిగింది. నాకూ విసుగొచ్చింది. కానీ ఏ అంకె ఏ రంగో తేలకుండా బిట్లు పెంచి లాభం లేదన్న వాళ్ల వాదనకి నా దగ్గర జవాబు లేదు. ఇంత పెద్ద పని చేసినవాళ్లు డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో, రిఫ్రెష్ రేటు కింద, "ఇప్పుడు వెళ్తున్నది: 8 బిట్లు, కారణం: కేబుల్ సామర్థ్యం చాలదు" అని ఒక్క వరుస పెట్టలేరా?

కేబుల్ మార్చి ఆ బుల్లి ఫైలు మళ్లీ చూశాను. ప్రస్తుతం 10. ఫొటోలో చారలు పోయాయి. సంబరంగా దాన్ని జేపెగ్‌గా సేవ్ చేసి స్నేహితుడికి పంపితే, "ఆకాశంలో ఆ మెట్లేంటి?" అని వెంటనే జవాబు. జేపెగ్ 8 బిట్లే, ఆ తప్పు నాదే. వాడికి ఇప్పుడు బిట్లు తగ్గని టిఫ్ ఫైలు అప్‌లోడ్ అవుతోంది.