తోడు పారబోశాడు

భీమవరంలో పెళ్లి చూసుకుని నాలుగు రోజుల తర్వాత ఇవాళ సాయంత్రం హైదరాబాద్‌లో ఇంటికొచ్చాను. గుమ్మంలో ఉండగానే అమ్మ సంబరంగా చెప్పింది, "మొన్న షాపు అబ్బాయిని పిలిపించి నీ చేపల తొట్టి కడిగించానురా. అద్దంలా చేసి పోయాడు, చూడు."

చూశాను. నిజంగానే అద్దంలా ఉంది. నా నాలుగు ఏంజెల్ చేపలూ నీటి పైకొచ్చి, నోళ్లు తెరిచి గాలికోసం కొట్టుకుంటున్నాయి. ఒకదాని మొప్పలైతే ఆగకుండా ఆడుతున్నాయి.

వాడు చేసిన ఘనకార్యం ఇది. 100 లీటర్ల నీళ్లూ మొత్తం తోడేశాడు. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద పెట్టి నల్లనీళ్లు పోయేదాకా పిండాడు. ఫిల్టర్‌లో మూడేళ్లుగా ఉన్న సిరామిక్ రింగులు "మురికి పట్టాయి ఆంటీ" అని చెత్తబుట్టలో పారేసి కొత్తవి వేశాడు. ఆపైన కుళాయి నీళ్లు నేరుగా నింపేశాడు, యాంటీ క్లోరిన్ ఒక్క చుక్క వేయకుండా. బ్లీచింగ్ వాసన ముక్కుకి తగిలే నీళ్లండీ అవి! చేపల మొప్పల్ని ఆ క్లోరిన్ కాల్చేయదా?

ఆ మురికే కదా చేపల ప్రాణం! చేప మొప్పల నుంచి అమోనియా వస్తూనే ఉంటుంది. దాన్ని నైట్రోసోమోనాస్ అనే బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ని నైట్రోస్పైరా అనే ఇంకో బ్యాక్టీరియా నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకి విషం, మూడోది కొంత పెరిగినా తట్టుకుంటుంది. ఈ బ్యాక్టీరియా నీళ్లలో తిరిగేది తక్కువ. స్పాంజి గుంతల్లో, రింగుల రంధ్రాల్లో, గులకరాళ్ల మీద జిగురులా అంటుకుని ఉంటుంది. అందుకే పావువంతు నీళ్లు తీసి, తీసిన ఆ బకెట్ నీళ్లలోనే స్పాంజిని రెండుసార్లు మెత్తగా పిండి పెట్టేయాలి. అంతే పని. చేపల మీద బతికే షాపువాడికి ఇది తెలియకపోతే ఎలా?

మా భీమవరం వైపు రొయ్యల రైతుకి తెలుసు. అమోనియా ఎంతుందో చూపించుకోవడానికి చెరువు నీళ్లు సీసాలో పట్టుకుని ల్యాబ్‌కి పరిగెత్తుతాడు. డబ్బు పెట్టి ప్రోబయోటిక్ కొని, బెల్లం, తవుడు కలిపి పులియబెట్టి చెరువులో చల్లుతాడు. అక్కడ మేలుచేసే బ్యాక్టీరియాని డబ్బుపెట్టి కొంటుంటే, ఇక్కడ నా ఇంట్లో ఉన్నదాన్ని సింకులో పోసి 350 రూపాయలు తీసుకుపోయాడు.

అసలు ఆ షాపు మీద నా మంట ఇవాళ్టిది కాదు. మూడేళ్ల క్రితం ట్యాంక్, ఫిల్టర్, ఆరు గోల్డ్ ఫిష్ అన్నీ ఒకే రోజు అంటగట్టారు. కొత్త ఫిల్టర్‌లో బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుందని ఒక్క ముక్క చెప్పలేదు. ఎనిమిదో రోజుకి ఆరూ పోయాయి. వెళ్లి అడిగితే, "మేత ఎక్కువేసి ఉంటారు సార్, ఇంకో ఆరు తీసుకెళ్లండి" అన్నాడు. మా పాప అప్పుడు యూకేజీ. నా చెయ్యి పట్టుకుని పక్కనే ఉంది. రోజూ మేత వేసింది తనే. ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. రాత్రి పడుకునే ముందు అడిగింది, "నేనే చంపేశానా నాన్నా?" ఇప్పటికీ అది మేత గింజలు లెక్కపెట్టి వేస్తుంది. మూడేళ్లయినా ఆ షాపువాడి మాట దాని వేళ్లలోంచి పోలేదు. దీన్ని నేను మర్చిపోను.

అమ్మ మీద అరిచాను, అది తప్పే. ఆవిడకేం తెలుసు? తర్వాత కూర్చుని చెప్పాను, "అమ్మా, పెరుగు గిన్నెలో తోడుకి కూడా మిగల్చకుండా కడిగేసి, పాలు పోసి తోడుకోమంటే తోడుకుంటాయా?" ఆవిడ మొహం మారిపోయింది. "అయ్యో, తోడు పారబోశాడట్రా?" అంది. ఒక్క మాటలో పట్టేసింది. పైగా పెరుగైతే తెల్లారేసరికి తోడుకుంటుంది. ఈ బ్యాక్టీరియా రెట్టింపవడానికే ఒక రోజు దాకా పడుతుంది.

టెస్ట్ చేస్తే పసుపు ఉండాల్సిన గొట్టంలో ఆకుపచ్చ వచ్చింది. అమోనియా ఉంది. పావువంతు నీళ్లు క్లోరిన్ తీసేసి మార్చాను, ఎయిర్ పంపు పెట్టాను. మియాపూర్‌లో స్నేహితుడికి ఐదేళ్ల పాత ట్యాంక్ ఉంది. స్పాంజిలో సగం కోసి, వాళ్ల ట్యాంక్ నీళ్లలోనే వేసి ఇస్తానన్నాడు. ఇప్పుడే బయల్దేరుతున్నాను. కవర్లో అయితే కారిపోతుందని అమ్మే మూత ఉన్న స్టీలు క్యాన్ కడిగి చేతికిచ్చింది, సబ్బు పెట్టకుండా.