రహీం సాబ్‌ని పొగడటానికి అబద్ధాలు ఎందుకు?

మళ్ళీ అదే ఫార్వర్డ్ వచ్చింది. ఒకప్పటి ఇండియా ఫుట్‌బాల్ కోచ్, మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం మీద హిందీ సినిమా వచ్చినప్పట్నుంచి ఇది ఏదో ఒక రూపంలో తిరుగుతూనే ఉంది, ఈసారి మా ఫ్యామిలీ గ్రూప్‌లో, ఆఫీసు గ్రూప్‌లో ఒకే రోజు పడింది. చూడనివాళ్ళ కోసం సారాంశం చెప్తా. రహీం గారు జీవితంలో బంతి తన్నని మామూలు స్కూల్ మాస్టరు అంట, ఒట్టి కాళ్ళతో ఆడతామంటే ఫిఫా ఒప్పుకోక 1950 వరల్డ్ కప్ పోయిందంట, 1956 ఒలింపిక్స్‌లో మనోళ్ళు హంగరీని కొట్టి సెమీస్‌కి వెళ్ళారంట, 4-2-4 ఫార్మేషన్ (వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు) ఆయన కనిపెడితే బ్రెజిల్ కాపీ కొట్టి 1958లో కప్పు గెలిచిందంట, 1962లో జకార్తాలో లక్ష మంది మధ్య ఒక్క స్పీచ్‌తో గోల్డ్ కొట్టించారంట, ఆయన పోయిన రోజే ఇండియన్ ఫుట్‌బాల్ కూడా పోయిందంట. కింద చేతులు జోడించిన ఎమోజీ, "హైదరాబాదీ అయితే షేర్ చెయ్".

నేను హైదరాబాదీనే, షేర్ చెయ్యను. ఆయన మీద గౌరవం లేక కాదు, ఉండబట్టే.

ముందు ఆ "బంతి తన్నని మాస్టరు" సంగతి. మాస్టరు అన్నది నిజం. కాచిగూడ, చాదర్‌ఘాట్ స్కూళ్ళలో పాఠాలు చెప్పారు, తర్వాత ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా చేశారు. కానీ ఉస్మానియాలో చదివే రోజుల్లోనే ఆటగాడు, లోకల్ లీగ్‌లో మంచి పేరున్న కమర్ క్లబ్‌కి ఆడారు. ఇండియాకి ఆడలేదు, అది వేరే విషయం. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ అయ్యారు, 1950లో సిటీ పోలీస్ టీమ్ కోచ్ అయ్యారు. అంటే ముందు ప్లేయర్, తర్వాత టీచర్, తర్వాత అసోసియేషన్ పని, ఆ తర్వాత కోచ్, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకున్న అనుభవం. ఇంకోటి, సిటీ పోలీస్ టీమ్‌ని కూడా ఆయన సున్నా నుంచి కట్టలేదు, అంతకు ముందే నార్బర్ట్ ఫ్రూవాల్ అనే ఆయన ఆ కుర్రాళ్ళని తయారు చేసి పెట్టారు, పాపం ఆ పేరు ఏ ఫార్వర్డ్‌లోనూ రాదు. రహీం వచ్చాక ఆ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్ కొట్టింది, కలకత్తా పెద్ద క్లబ్బులున్న ఆ కాలంలో. మోహన్ బగాన్‌ని ఓడించి డ్యురాండ్ కూడా తెచ్చింది. ఇవి రాయండయ్యా బాబూ, కావాలంటే దీనికి నేనే ఎమోజీ పెడతా.

1950 వరల్డ్ కప్ కథ అయితే ఎన్ని సార్లు చెప్పినా చావదు. మన గ్రూప్‌లో బర్మా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ తప్పుకోవడంతో ఇండియా ఒక్క మ్యాచ్ ఆడకుండానే క్వాలిఫై అయింది, బ్రెజిల్ వాళ్ళు ఖర్చులో చాలా భాగం తామే పెట్టుకుంటామన్నారు కూడా. వెళ్ళకూడదని తేల్చుకుంది మన ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఏఐఎఫ్ఎఫ్. ప్రాక్టీసుకి టైమ్ లేదు, సెలక్షన్ గొడవలు అని కారణాలు చెప్పారు, అసలు సంగతి ఏంటంటే అప్పట్లో మనోళ్ళకి ఒలింపిక్స్ అంటేనే ఆట, వరల్డ్ కప్‌ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఒట్టి కాళ్ళ ముచ్చట తర్వాత అతికించింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనోళ్ళు చాలామంది బూట్లు లేకుండానే ఫ్రాన్స్‌తో ఆడి, రెండు పెనాల్టీలు మిస్ చేసి 2-1తో ఓడారు. ఈ మొత్తంలో రహీం గారి పాత్ర ఏమీ లేదు, ఆ నిర్ణయం ఆయన చేతిలోది కాదు.

బూట్లతో ఆయనకి నిజంగా సంబంధం ఉన్న మ్యాచ్ ఒకటుంది, దాన్ని మాత్రం ఎవరూ రాయరు. 1951లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్ ఫైనల్లో మేవాలాల్ గోల్‌తో ఇరాన్‌ని 1-0 కొట్టి గోల్డ్ తెచ్చిన టీమ్, మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. పది! కోచ్ రహీం గారే. ఆ చలిలో, ఆ గ్రౌండ్ మీద బూట్లు లేకుండా ఆడిన వాళ్ళున్నారు, ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి చేశారు. ఆయన కెరీర్‌లో ఈ 10-1 తీసేస్తే మిగతాది అర్థం కాదు. అంత చావుదెబ్బ తిన్న కోచ్ నాలుగేళ్ళలో ఒలింపిక్ సెమీఫైనల్‌కి ఎలా వెళ్ళాడు అనేదే కదా అసలు కథ, దాన్ని కోసి పారేసి ఎప్పుడూ ఓడని దేవుణ్ణి చేస్తే చదివేవాడికి ఏం మిగులుతుంది?

సరే, మెల్‌బోర్న్. హంగరీని మనం కొట్టలేదు, వాళ్ళు రానే లేదు. వాళ్ళ దేశంలో తిరుగుబాటు, సోవియట్ ట్యాంకులు, ఆ గొడవలో టీమ్ తప్పుకుంది, మనకి వాకోవర్ వచ్చింది, అంటే ఆడకుండానే గెలిచినట్టు. తర్వాత ఆస్ట్రేలియాని 4-2 కొట్టాం, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఏషియా నుంచి అదే మొదటిది. సెమీస్‌లో అదే యుగోస్లావియా మీద డిసౌజానే ముందు గోల్ కొట్టాడు, చివరికి 4-1తో ఓడాం, బ్రాంజ్ మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0. అంటే గెలిచింది ఒక్క మ్యాచ్. టోర్నీకి వచ్చింది కూడా పదకొండు టీములే. ఇలా రాస్తే చిన్నదైపోతుందని కొందరికి బాధ, నాకైతే కాదు, 10-1 నుంచి 4-1కి, అదీ మనమే లీడ్ తీసుకుని. అజీజ్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం, ఇలా మన ఊరి పిల్లలు ఆ టీమ్‌లో ఎంతమంది ఉన్నారో చూడండి. వచ్చే దారిలో సిడ్నీలో ఆస్ట్రేలియాతో ఫ్రెండ్లీ ఆడి 7-1 కొట్టారు, ఇది మెసేజ్‌లో ఎందుకు లేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నన్నడిగితే ఆయన పని బాగా కనపడేది మెల్‌బోర్న్‌లో కన్నా 1960 రోమ్‌లో. అక్కడ ఒక్క మ్యాచ్ గెలవలేదు కాబట్టి ఆ వాట్సాప్ మెసేజ్‌లో చోటు లేదు. కానీ హంగరీ చేతిలో ఓడింది 2-1తోనే, మన గోల్ బలరాందే. ఫ్రాన్స్‌తో 1-1, పీకే బెనర్జీ గోల్‌తో లీడ్‌లో ఉండి చివర్లో సమం చేయించుకున్నాం. ఆ హంగరీ ఆ ఏడాది బ్రాంజ్ కొట్టింది. వాకోవర్ లేదు, లక్కు లేదు, యూరప్ టీములతో తొంభై నిమిషాలు నిలబడ్డారు. ఈ తొంభై అన్నదాన్ని తేలిగ్గా తీసుకోకండి, అప్పట్లో మన దేశంలో మ్యాచ్‌లు డెబ్భై నిమిషాలే ఆడేవాళ్ళు, ఏడాదంతా డెబ్భైకి అలవాటైన కాళ్ళని తీసుకెళ్ళి బయట తొంభై ఆడించాలి.

ఇక 4-2-4. ఇందులో కాస్త నిజం ఉంది కాబట్టే ఇంతగా అతుక్కుంది. మన దగ్గర అందరూ పాత 2-3-5 పట్టుకుని వేలాడుతుంటే ఆయన మార్చారు, ఒక ఫార్వర్డ్‌ని వెనక్కి దించి ఆడించారు, బ్రెజిల్ 1958లో కప్పు కొట్టకముందే ఆ దారిలో ఉన్నారు. కానీ ఫార్వర్డ్‌ని వెనక్కి దించడం 1953లోనే హంగరీ వాళ్ళు వెంబ్లీలో చేసి చూపించారు, హిదెగ్‌కుతిని వెనక పెట్టి ఇంగ్లండ్‌ని 6-3 కొట్టారు, ప్రపంచమంతా నోరెళ్ళబెట్టింది. బ్రెజిల్‌లో కూడా క్లబ్బుల్లో యాభైల మొదట్నుంచే ఇలాంటి ప్రయోగాలు నడుస్తున్నాయి. రియోలో కూర్చున్నవాడు హైదరాబాద్ పోలీస్ టీమ్ ఆట ఎక్కడ చూసి కాపీ కొడతాడండి, టీవీనా, యూట్యూబా? బయట జరిగేది చదివి, ఆలోచించి, మన పిల్లలకి సరిపడేలా మార్చి ఆడించారు అనడంలో ఉన్న గొప్ప చాలదా?

ఆయన సొంతంగా చేసినవి వేరే ఉన్నాయి, అవి నాకు ఫార్మేషన్ కన్నా ఇష్టం. హైదరాబాద్‌లో పిల్లలకి వింత వింత టోర్నమెంట్లు పెట్టేవారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చెయ్యకూడదు. అంటే బంతి కాలికి తగిలాక ఆలోచిస్తే అయిపోయినట్టే, రాకముందే తలెత్తి ఎవడు ఖాళీగా ఉన్నాడో చూసి పెట్టుకోవాలి. ఇంకోదాంట్లో అలవాటైన కాలితో తన్నకూడదు, రాని కాలితోనే ఆడాలి. పొట్టి పిల్లలకి విడిగా, ఎత్తు కొలిచి మరీ పెట్టేవారు, పొడుగోళ్ళ మధ్య నలిగిపోకుండా. ఏ ఖరీదైన సామానూ అక్కర్లేదు, రూల్ ఒక్కటి మారిస్తే చాలు, ఆటే పిల్లోడికి నేర్పుతుంది. స్కూల్ మాస్టరు బుర్ర అంటే ఇదీ. మెసేజ్ రాసినవాడు మాస్టరు అన్న మాట వాడాడు గానీ ఆ మాస్టరు ఏం చేశాడో మాత్రం వదిలేశాడు.

జకార్తా విషయంలో స్పీచ్ ఇచ్చారో లేదో గొడవ పడను, ఏ కోచ్ అయినా ఫైనల్ ముందు ఏదో ఒకటి చెప్తాడు. జనం వ్యతిరేకంగా ఉన్నది నిజమే, ఇజ్రాయెల్, తైవాన్‌లని పిలవకపోవడం మీద ఒలింపిక్ కమిటీలో మన సభ్యుడు సోంధీ గారు మాట్లాడిన మాటలకి అక్కడ మంటలు లేచాయి, మన ఎంబసీ మీద కూడా దాడి జరిగింది. కానీ మాటలతో గోల్స్ పడవు. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఇంకెవరైనా అయితే బెంచ్ మీద కూర్చోబెడతారు, రహీం గారు అతన్ని తీసుకెళ్ళి సెంటర్ ఫార్వర్డ్‌లో పెట్టారు! సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2, అందులో జర్నైల్ గోల్ ఒకటి. సెప్టెంబర్ 4న ఫైనల్, మళ్ళీ అదే కొరియా. జ్వరం నుంచి లేచిన తంగరాజ్‌ని గోల్‌లోకి తెచ్చారు. మొదటి ఇరవై నిమిషాల్లోనే పీకే ఒకటి, జర్నైల్ ఒకటి, 2-1తో గోల్డ్. ఓడిన టీమ్‌ని ఒకే టోర్నీలో ఇలా అటూ ఇటూ మార్చి గెలిపించారు. కుట్లు పడ్డ డిఫెండర్‌ని ముందుకి పంపడానికి ఎంత ధైర్యం కావాలి, అది ఫెయిలయ్యుంటే మన పేపర్లు ఊరుకునేవా?

చివరిది, ఆయనతోపాటే ఆట పోయింది అన్నది. 1963 జూన్ 11న క్యాన్సర్‌తో పోయారు, 53 ఏళ్ళే. 1964లో ఇండియా ఏషియన్ కప్ రన్నరప్. 1965లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్‌లో జపాన్‌ని కొట్టి ఏషియన్ గేమ్స్ బ్రాంజ్, కోచింగ్ చూసినవాళ్ళలో ఆయన శిష్యుడు పీకే బెనర్జీ ఒకరు, కెప్టెన్ మన హైదరాబాద్ నయీముద్దీన్, ఆయన కూడా తర్వాత ఇండియా కోచ్ అయ్యి అర్జున, ద్రోణాచార్య రెండూ తీసుకున్నారు. ఏడేళ్ళ తర్వాత కూడా ఆయన పెంచిన మనుషులే లాక్కొచ్చారు. పోయింది ఒక్క రోజులో కాదు, ఒక్క మనిషితో కాదు. జపాన్, కొరియా పద్ధతిగా ముందుకెళ్తుంటే మనం ఇంకా డెబ్భై నిమిషాల మ్యాచ్‌లు ఆడుకుంటూ, ఫెడరేషన్ గొడవల్లో మునిగి ఉన్నాం. "ఆయన పోయారు కాబట్టి ఆట పోయింది" అనేస్తే ఆ కుర్చీల్లో కూర్చున్న వాళ్ళెవరూ జవాబు చెప్పక్కర్లేదు, వాళ్ళకి అంతకన్నా హాయి ఏముంటుంది.