"ఎవరు గెలవాలో ముందే రాసిపెట్టి ఉంటుంది" అన్న ప్రచారానికి జవాబు

వాట్సాప్‌లో గుంపు గుంపుకీ తిరుగుతున్న మాట ఇది: "ఎన్నికలన్నీ నాటకం. ఎవరు గెలవాలో ప్రభుత్వాలే తేల్చేస్తాయి. మన బుర్రల్లో ఉన్నది కూడా వాళ్లు నూరిపోసిందే. ఓటు వేసినా మానినా ఒకటే." ఇందులో కొంత నిజం ఉంది. జనం నమ్ముతున్నది ఆ కొంత వల్లే.

"ప్రభుత్వాలు ఎన్నికల్లో వేలు పెడతాయి." పెడతాయి. 1948లో ఇటలీ ఎన్నికల్లో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ రహస్యంగా డబ్బు పోసింది. చిలీలో చేసిన అలాంటి పనులను 1975లో అమెరికా సెనేట్ కమిటీయే బయటపెట్టింది. 1927లో ఆఫ్రికా దేశం లైబీరియాలో ఓటర్లు సుమారు 15 వేల మంది, అధ్యక్షుడు చార్లెస్ కింగ్‌కు పడ్డాయన్న ఓట్లు 2 లక్షల 40 వేల పైనే! ఇవేవీ దాగలేదన్నది గమనించండి.

"గద్దె మీదున్నవాడు ఓడడు." మన దగ్గరే 1977లో, పత్రికల నోరు నొక్కిన ఎమర్జెన్సీ తర్వాత, ఇందిరాగాంధీ రాయ్‌బరేలీలో స్వయంగా ఓడిపోయారు. 1988లో చిలీలో సైన్యం, టీవీ అన్నీ నియంత పినోచెట్ చేతిలోనే ఉన్నాయి. ప్రతిపక్షానికి దక్కింది రోజుకు 15 నిమిషాల టీవీ సమయం, అదీ రాత్రి పొద్దుపోయాక. అయినా ఆయన గద్దె మీద కొనసాగాలా వద్దా అని జరిగిన ఓటింగ్‌లో 56 శాతం మంది వద్దన్నారు.

"రిగ్గింగ్ జరిగితే ఎవరూ ఏమీ చేయలేరు." ఈ మాట అనేవాళ్లు ఆఫ్రికా దేశం మలావీ సంగతి తెలుసుకోవాలి. 2019 మేలో అక్కడ అధ్యక్షుడు ముథారికా మళ్లీ గెలిచారని ప్రకటించారు. తీరా చూస్తే ఫలితాల పత్రాల మీద అంకెలను వైట్‌నర్‌తో చెరిపి దిద్దారు. జనం నెలల తరబడి వీధుల్లో నిలబడ్డారు. 2020 ఫిబ్రవరిలో ఐదుగురు జడ్జీలు బుల్లెట్‌ప్రూఫ్ కోట్లు తొడుక్కుని, సైన్యం కాపలా మధ్య కోర్టుకు వచ్చారు. తీర్పు చదవడానికే గంటలు పట్టింది. ఎన్నిక రద్దు. జూన్‌లో మళ్లీ పోలింగ్ పెడితే ప్రతిపక్ష నేత చక్వేరా దాదాపు 59 శాతం ఓట్లతో గెలిచారు.

"డేటాతో మన మనసునే మార్చేస్తారు." ఎన్నికల ప్రచారాలకు డేటా సేవలు అమ్మిన బ్రిటన్ కంపెనీ కేంబ్రిడ్జ్ అనలిటికా 8 కోట్ల 70 లక్షల మంది దాకా ఫేస్‌బుక్ వివరాలను అక్రమంగా సంపాదించి ఉండొచ్చని ఫేస్‌బుక్కే చెప్పింది. అది నేరమే. కానీ మనసులు మార్చే మంత్రం తమ దగ్గర ఉందన్నది ఆ కంపెనీ ఖాతాదారులకు చెప్పుకున్న గొప్ప. వాళ్లు వాడినవి చాలావరకు అందరికీ తెలిసిన పద్ధతులేనని బ్రిటన్ సమాచార కమిషనర్ 2020లో తేల్చారు.

ఇక "ఓటు వేసినా మానినా ఒకటే." నాకు అసలు బాధ ఇక్కడే. మోసం చేయాలనుకునేవాడికి ఇంతకన్నా మేలు చేసే మాట లేదు. దొంగ ఓటు వేయడం తేలికయ్యేది బూత్‌కు రానివాళ్ల పేరు మీదే. అన్నీ ముందే ఖాయమని నమ్మితే లెక్కింపు దగ్గర కూర్చునే ఏజెంటూ ఉండడు, దిద్దిన అంకెను పట్టుకునే కన్నూ ఉండదు.

ఫార్వర్డ్ చేస్తున్న మిత్రులారా, ఏ బూత్‌లో, ఏ పత్రంలో, ఎన్ని ఓట్ల తేడా వచ్చిందో మీ దగ్గర ఉంటే అది పంపండి. కోర్టు మెట్ల దాకా మీ వెంట నేనూ వస్తాను.